అమావాస్య తూకం

నా చేతిలో రేకు బిళ్ళ మీద పంతొమ్మిది అని కొట్టి ఉంది. ఇప్పుడు లోపల ఉన్నది పదకొండు. ఇంకా ఏడుగురు, ఆ తర్వాత నేను, ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతుందో ఏమో, ఈ పదకొండో ఆమె లోపలే కాపురం పెట్టినట్టుంది మహాతల్లి. తొందరగా నా వంతు రావాలని ఉంది, రాకుండా ఉంటే బాగుండునని కూడా ఉంది. లోపల తలుపు పక్కనే తెల్లరంగు వేసిన తూకం మిషను ఉంటుంది, ఉగాది అయినాక ఒకసారి, ఆషాఢంలో ఒకసారి ఎక్కాను దాని మీద, ఎక్కగానే కాళ్ళకింద ఇనుము కొంచెం కుంగుతుంది, ముల్లు ఊగి ఊగి ఒకచోట ఆగుతుంది. ఈరోజు అది నూట అరవై పౌండ్ల దగ్గర ఆగాలి. దానికి పైన ఆగితే డాక్టరమ్మ కత్తి పట్టదు, నా కడుపులో గడ్డ నా కడుపులోనే ఉంటుంది, నెలనెలా రక్తం పోతూనే ఉంటుంది, నేను ఇలాగే గోడ పట్టుకుని నడుస్తూ, ఎక్కడ కూర్చుని లేచినా వెనక్కి తిరిగి చీర చూసుకుంటూ ఉన్నన్నాళ్ళు ఉంటాను. ఈ ఒంటితో ఈ ఆయాసంతో మత్తు ఇస్తే మళ్ళీ కళ్ళు తెరుస్తావో లేదో నేను చెప్పలేను, ముప్పై పౌండ్లు తగ్గి రా, అప్పుడు కోస్తాను అని మొదటిరోజే తేల్చి చెప్పింది. ఇప్పుడు ఆమెకు బదిలీ అయింది. నెలాఖరుకు కడప వదిలి పోతుంది, ఆపరేషన్లు ఈ వారంతో సరి. ఇంక మళ్ళీ రా, మళ్ళీ చూద్దాం అనేవాళ్ళు ఉండరు.

మా అంగడి తాసు మాత్రం మొన్న అమావాస్యనాడే తీర్పు చెప్పేసింది. ఆరు మణుగుల ఆరున్నర వీశెలు. కమలాపురంలో మాది వేరుశనగ మండీ, మాకు పౌండ్లతో పనిలేదు, మణుగులూ వీశెలే తెలుసు, ఎనిమిది వీశెలైతే మణుగు. నూట అరవై పౌండ్లంటే ఆరు మణుగుల మూడు వీశెలని మొదటిరోజు తిరుగు రైల్లోనే మా ఆయన వేళ్ళు ముడుస్తూ లెక్క కట్టాడు. అప్పుడు నేను ఏడు మణుగుల అయిదు. పది వీశెలు తగ్గాలి. పది వీశెల బెల్లం ఎంత ఉంటుందో నాకు తెలుసు, గంపలో పెడితే ఆడమనిషి ఒక్కతే నెత్తికెత్తుకోలేదు, పక్కనుంచి ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. అంత బెల్లం నా ఒంటి మీద ఎక్కడెక్కడ ఉందో అని ఆ రోజంతా నన్ను నేను తడుముకుంటూనే ఉన్నాను. ఏడు నెలలయింది. ఇంకా మూడున్నర వీశెలు అలాగే ఉంది. అది తెలిసీ ఎందుకొచ్చావే అంటే, కాళ్ళు పట్టుకుందామని వచ్చాను. ఈ పది పౌండ్లు చూసీచూడనట్టు పో తల్లీ, చస్తే నేను చస్తాను, నిన్నెవరూ ఏమీ అనరు అని చెబుదామని. మా ఆయన వీరభద్రయ్య వద్దనే అన్నాడు. పొద్దున నేను చీర మార్చుకుంటుంటే గడపలో నిలబడి, తాసులో రాయి చెప్పినాక ఇంక పోయేదెందుకు, పోయి ఆమెతో మాటపడేదెందుకు అన్నాడు. నేను సంచీ తీసుకుని వీధిలోకి నడిచాను, ఆయన చెప్పులు వేసుకుని వెనకే వచ్చాడు, ఇప్పుడు బయట గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు.

పన్నెండు పోయింది. పన్నెండు సన్నగా ఉంది, ఆమెకు తూకం బాధ ఉండదు. ఇదొక కొత్త జబ్బు పట్టుకుంది నాకు, ఎవరు కనబడినా ముందు ఒళ్ళు చూస్తాను, మణుగుల్లో అంచనా కడతాను, ముఖం తర్వాత. అమావాస్యకు మావాళ్ళు అంగళ్ళు తెరవరు. హమాలీలు రారు, బండ్లు రావు, గోదాములో ఎవరూ ఉండరు, అందుకని నా తూకానికి ఆ రోజు పెట్టుకున్నాం. పున్నమికీ తూస్తాం, ఆ రోజు మాత్రం మా హమాలీ బొజ్జన్న పనిలోకి రాకముందే ముగించాలి. దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద తాసు, మూటలు పెట్టే చెక్క పలక మీద నేను కూర్చుంటాను, రెండో పలక మీద ఆయన రాళ్ళు పెడతాడు. రాళ్ళంటే ఇనప గుండ్లే, మేమలా అంటాం. నలభై రెండేళ్ళదాన్ని, ఇద్దరు కొడుకులకు పెళ్ళిళ్ళు చేసినదాన్ని, కాయల మూటలాగా పలక మీద బాసీపట్లు వేసుకుని కూర్చుని పైకి లేస్తానా లేదా అని ఊపిరి బిగబట్టుకోవడం, ఏం ఖర్మ ఇది. ముందురోజు సాయంత్రం నుంచి నీళ్ళు ముట్టను. ఎప్పుడూ అదే పాత చీర. నగలన్నీ తీసి మా అత్త లక్ష్మీదేవమ్మ చేతిలో పెడతాను. ఒకసారి మెట్టెలు కూడా తీశాను, రెండూ కలిపి తూకానికి ఆనేవి కావు, అత్త చూసి చడామడా తిట్టింది, మొగుడు ఎదురుగా ఉండగా మెట్టెలు తీసేదానివి నువ్వు తగ్గితేనేమి పెరిగితేనేమి అని. పలక మీద కూర్చున్నాక కళ్ళు మూసుకుంటాను. ఆయన లెక్క చెప్పేదాకా తెరవను. ఆ మాట చెవిన పడగానే ఒక పక్షం రోజుల బతుకు మంచిదో చెడ్డదో తేలిపోతుంది, తగ్గితే కోడళ్ళతో నవ్వుతూ మాట్లాడతాను, పెరిగితే పిల్లి అడ్డం వచ్చినా తిడతాను.

ఇంట్లో కథ ఇంకొకటి. డాక్టరమ్మ అన్నం తగ్గించి జొన్నరొట్టె, ఆకుకూర, పల్చని మజ్జిగ అని చెప్పింది, నెయ్యి వైపు చూడవద్దంది. మా ఇళ్ళల్లో కోడలు ఒళ్ళు చేస్తేనే ఇంటికి కళ. కాపురానికి వచ్చిన కొత్తలో నేను పుల్లలాగా ఉన్నానని ఈ అత్తే దగ్గర కూర్చుని నెయ్యి కలిపిన ముద్దలు నా నోట్లో పెట్టింది, వద్దంటే కళ్ళెర్రజేసింది. ఇప్పుడు ఆమె ఎదురుగా నేను రొట్టె తుంచుకుంటుంటే ముఖం అటు తిప్పుకుంటుంది. పక్కింటామె అయితే మెల్లగా అడిగింది, అంగడి ఏమన్నా దెబ్బతినిందా అక్కా, ఇంట్లో బియ్యం వండటం మానేశారట అని. ఒళ్ళు తగ్గించుకోవడం అనేది ఒకటుందని, అది మనిషి కావాలని చేసే పనని మా బజారులో ఎవరికీ అర్థం కాదు. తగ్గితే అయ్యో ఏమొచ్చిందని జాలి, తగ్గకపోతే చాటుగా తింటోందని నవ్వు. రెండూ నా మొహం మీదే.

చాటుగా తినలేదా అంటే తిన్నాను. అబద్ధం చెప్పి ఏం చేసుకోను, ఈ బెంచీ మీద నన్ను అడిగేవాళ్ళు ఎవరున్నారు గనక. మొదటి నెలన్నరలో ఏడు మణుగుల ఒక వీశెకు వచ్చాను, నాలుగు వీశెలు దిగిపోయాను, అందరూ ఔరా అన్నారు. అప్పుడు బనగానపల్లె నుంచి మా అన్న మామిడిపండ్లు పంపాడు, రెండు గంపలు, వెనక గదిలో వరిగడ్డి పరిచి వరసగా పెట్టించాను, ఇల్లంతా అదే వాసన. మూడు రోజులు ఆ గది గడప తొక్కలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పోయి నిలబడే ఒకటి తిన్నాను, మోచేతి దాకా రసం కారింది, నాక్కున్నాను, మళ్ళీ ఒకటి తిన్నాను. ఆ తర్వాత రోజూ అదే. ఎవరూ నోట్లో కుక్కలేదు. గంపలు ఖాళీ అయ్యేసరికి మూడు వీశెలు తిరిగి వచ్చాయి. పలక దిగి గోదాము గోడకు తల ఆనించి ఏడ్చాను, కుక్కకున్నంత కట్టడి లేదు నీకు అని నన్ను నేను తిట్టుకున్నాను. కానీ ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఆ పండ్లు తినేటప్పుడు నాకు ఆకలి లేదు. ఏడు మణుగుల కిందికి దిగుతున్నానంటే ఆపరేషన్ బల్ల దగ్గరికి పోతున్నాననే కదా, మూతి మీద గుడ్డ వేసి మత్తు వాసన పీల్చమంటారు, ఆ తర్వాత ఏమీ తెలియదు, నన్ను ఎక్కడ కోస్తున్నారో, నేను ఉన్నానో లేదో. అది తలచుకుంటే గుండె దడదడలాడేది, పండు కొరికితే ఆ దడ కాసేపు ఆగేది. తగ్గడమూ నాకే కావాలి, తగ్గితే భయమూ నాకే. ఇంతకంటే సిగ్గుచేటు ఉందా.

పదమూడు. పద్నాలుగు వెంటనే పిలిచారు, ఎవరో పలకలేదు, పదిహేను లేచింది. ఇంత తొందరగా అయితే ఎలా. నా పక్కన కూర్చున్న ఆమె పేరు గిడ్డమ్మ, ఆమె బిళ్ళ ఇరవై. రాజంపేట దగ్గర పల్లె, తోటల్లో కూలికి పోతుందట, మనిషి చూస్తే ఎముకలకు చీర కట్టినట్టుంది. ఆమెకూ ఇదే డాక్టరమ్మ కోయాలి, ఆమెకూ తూకమే అడ్డం. నువ్వు కూడానా అని నేను ఆశ్చర్యపోతే ఆమె చెప్పింది.

"నన్ను బలిసి రమ్మంటాంది అమ్మా. ఒంట్లో రగతం ల్యాదంట, పది పౌన్లు ఎక్కితేగానీ కత్తి పెట్టనంటాంది. యాడనుంచి ఎక్కేది? కోతలప్పుడు రొంత ఎక్కుతాది, ఎండలు రాంగానే దిగిపోతాది."

నేనెందుకు వచ్చానో చెప్పడానికి ముందు నోరు రాలేదు. తిండి ఎక్కువై వచ్చానని ఆమె ముందు ఎలా చెప్పను. చెప్పాను చివరికి. ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది, ఎగతాళి లేదు అందులో, మనిద్దర్నీ కలిపి సగం సగం పంచి ఉంటే ఈ డాక్టరమ్మకు పని లేకపోయేది గదా అంది. నాకూ నవ్వొచ్చింది. ఏడు నెలల్లో నా ఒంటి గురించి నేను నవ్వింది ఇదే. ఆమె నా భుజం వైపు చూసి, "అయినా నువ్వు శానా చిక్కినావు గదమ్మా, ఆ రైక జూడు, ఎట్ల జారిపోతాందో" అంది. లేదులే, సాగిపోయిన రైక అన్నాను. అని ఊరుకున్నాను గానీ ఆ మాట ఊరుకోలేదు, లోపల తిరుగుతూనే ఉంది.

రైక సాగిందా. నిరుడు దసరాకు కుట్టించినది, పట్టుమని పదిసార్లు తొడగలేదు, ఎలా సాగింది. గాజులు మోచేతి దాకా పోతున్నాయి, గాజులవాడు పెద్దవి ఇచ్చాడనుకున్నాను. ఉంగరం జారి పప్పుగిన్నెలో పడితే దారం చుట్టుకున్నాను, కార్తీకం చలికి వేళ్ళు ముడుచుకుంటాయిలే అనుకున్నాను. చీర కుచ్చిళ్ళు రెండు ఎక్కువ వస్తున్నాయి, చీర పొడుగనుకున్నాను. ఒళ్ళంతా ఒక మాట చెబుతుంటే నేను ఒక్కదాన్నీ నమ్మలేదు. రాయి చెప్పింది కదా. పుట్టినప్పటినుంచీ రాయి చెప్పిందే మాకు వేదం, రైతు నా కాయలు ఇంతేనా అని నెత్తి కొట్టుకున్నా, తాసు అంతే చెప్పిందప్పా అంటే నోరు మూసుకుని పోతాడు. నేనూ అలాగే నోరు మూసుకున్నాను. ఆషాఢంలో ఇక్కడికి వచ్చినప్పుడు మా రాళ్ళు ఆరు మణుగుల ఏడు చెప్పాయి, ఈ మిషను నూట డెబ్భై రెండు చెప్పింది, రెండూ ఒక్కటే. డాక్టరమ్మ నా వీపు తట్టి ఇంక పన్నెండే, ఒకటి రెండు నెలల్లో చేసేద్దాం, భయపడకండి అని మా ఆయనతో కూడా చెప్పింది. ఆ సాయంత్రం రైల్లో ఆయన కమలాపురం వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. సంతోషమేమో అనుకున్నాను.

ఆ తర్వాత వచ్చిందే శ్రావణ పున్నమి. ఏడు మణుగుల రెండున్నర అన్నాడు. కళ్ళు మూసుకునే, ఏమంటివి అని అడిగాను. మళ్ళీ అదే అన్నాడు. రొట్టె తప్ప ఏమీ తినని పక్షంలో మూడున్నర వీశెలు పెరిగాను, తినకపోయినా పెరిగేదాన్ని ఇంక ఏం చేస్తే తగ్గుతాను. ఆ రోజు మధ్యాహ్నం డబ్బాలో మిగిలిన కజ్జికాయలన్నీ కసికొద్దీ తిన్నాను, తినకుండా తిన్నదాన్నని అనిపించుకోవడం కంటే తిని అనిపించుకుంటాను అని. తర్వాత రెండు రోజులు పస్తు. భాద్రపదంలో వీశె తగ్గింది, దసరాకు ఓళిగలు రెండు తింటే అర వీశె పెరిగింది, మళ్ళీ రొట్టె కూడా ఒక్కపూటే. తెల్లారి లేస్తే అద్దంలో నన్ను నేను చూడలేక బొట్టు తడుముకుని పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరన్నా చిక్కినావే అంటే ఎద్దేవా చేస్తున్నారని ముఖం మాడ్చుకున్నాను. మూడు నెలలు కిందా మీదా పడి మొన్న అమావాస్యకు ఆషాఢంలో ఎక్కడున్నానో అక్కడికే వచ్చాను. అర వీశె తేడా.

పదహారు పోయింది. ఉండు, ఉండు. రాళ్ళ పెట్టె తెరిచిన చప్పుడు ఏదీ. మా అంగట్లో మూడు జతల రాళ్ళున్నాయి. చెప్పుకుంటే సిగ్గు, పక్క అంగళ్ళ సంగతి నాకు తెలియదు, మా అంగడి సంగతే చెబుతున్నాను. కొనే రాళ్ళు కొంచెం బరువెక్కువ. అమ్మే రాళ్ళు వీశెకు మూడు పలాలు తక్కువ. మూడోవి సర్కారు ముద్ర వేసినవి, తనిఖీకి ఎవరన్నా వస్తే చూపేవి, అవి చెక్కపెట్టెలో ఉంటాయి, ఆ పెట్టె కీలు తుప్పుపట్టి తెరిస్తే కీచుమని అరుస్తుంది. నా తూకానికి మొదటినుంచీ ఆయన ఆ పెట్టే తెరిచాడు, ఇంట్లో మనిషికి దొంగరాళ్ళు పెడతానా అని నవ్వాడు కూడా. కళ్ళు మూసుకుని ఆ కీచుమనే చప్పుడు విన్నాకే నా గుండె కొట్టుకోవడం మొదలయ్యేది. శ్రావణంలో ఆ చప్పుడు లేదు. భాద్రపదంలో లేదు. దసరాకు లేదు, మొన్నా లేదు, రాళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టిన చప్పుడే ఉంది. అమ్మే రాళ్ళు. ఒక్కొక్క రాయి తేలిక, అందుకే ఎక్కువ రాళ్ళు పట్టాయి, అందుకే నేను ఎక్కువ తూగాను. వేళ్ళ మీద లెక్క వేస్తున్నాను, గిడ్డమ్మ ఏమ్మా జపమా అంటోంది. ఆరు మణుగుల ఆరున్నర అంటే యాభై నాలుగున్నర వీశెలు, వీశెకు మూడు పలాల లెక్కన నూట అరవై పైచిలుకు పలాలు, నలభై పలాలు వీశె, నాలుగు వీశెలు. ఆరున్నరలో నాలుగు పోతే రెండున్నర. ఆరు మణుగుల రెండున్నర. మూడుకు లోపలే. కాకపోతే? తగ్గాలన్న నా యావే నాకు ఈ లెక్క చెబుతుంటే? ఆ రోజుల్లో కీలుకు నూనె పూసి ఉంటే?

నూనె పూసే మనిషి కాదు ఆయన. మరెందుకు చేశాడు. నా మీద కోపమా, ఎప్పుడన్నా ఒక మాట అన్న మనిషి కాదే, నాకు రక్తం పోతుంటే వేడినీళ్ళు తనే కాచి పెట్టిన మనిషి. పుల్లమ్మ గుర్తొచ్చింది. ఆయన అక్క, నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు కడుపునొప్పితో కర్నూలు తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు, తోడుపోయింది ఈయనే. నాలుగో రోజు తువ్వాలులో ఆమె నగలు మూటగట్టుకుని తిరిగొచ్చాడు. ఆ మూట అత్త ఒడిలో పెట్టి అంగడికి పోయి కూర్చున్నాడు, ఆ రోజునుంచి ఈ రోజు వరకు ఆమె పేరు ఎత్తలేదు. భయం. అంతే, భయమే. ఇంక పన్నెండే అని డాక్టరమ్మ చెప్పిన రోజునుంచి ఆయన భయపడ్డాడు, ఆ భయాన్ని నోటితో చెప్పడం చేతకాక తాసులో పెట్టాడు. పాపం అనిపించింది. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. పాపమా? మూడు నెలలు నేను ఏమనుకున్నాను నా గురించి, ఎన్ని మాటలనుకున్నాను, అప్పుడు ఎవరికి పాపమనిపించింది. నాకూ భయమే కదా, నేను మామిడిపండు తిన్నాను గానీ ఎవరి నోట్లోనూ మన్ను కొట్టలేదే.

పదిహేడు, పద్దెనిమిది ఎప్పుడు పోయారో తెలియలేదు. పంతొమ్మిది అని నర్సు రెండోసారి పిలుస్తోంది, గిడ్డమ్మ నా మోచెయ్యి పట్టి లేపింది, పోమ్మా, నీదే అంది. లోపలికి ఎలా నడిచానో నాకు తెలియదు. చెప్పులు విప్పాను. మిషను ఎక్కాను. కళ్ళు మూసుకోబోయి మూసుకోలేదు, ముల్లునే చూశాను, ఊగింది, ఊగింది, ఆగింది. అంకెలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి గానీ చదవడం రాలేదు. నర్సు చదివింది, నూట యాభై ఎనిమిది అని. దిగి మళ్ళీ ఎక్కుతానన్నాను. ఎక్కనిచ్చింది. అదే. ఇంకోసారి ఎక్కితే డాక్టరమ్మ తలెత్తి, సంతోషించక ఏమిటమ్మా ఈ ఎక్కడం దిగడం అని నవ్వింది, నాడి చూసింది, కళ్ళు వెనక్కి లాగి చూసింది, ఎల్లుండి బుధవారం పొద్దున అంది. ఒక కాగితం ఇచ్చి, మీ ఆయన సంతకం లేకుండా చెయ్యను, పెట్టించుకుని ఇప్పుడే తీసుకురా అంది. సంతోషం రావాలి కదా. రాలేదు. ఏడు నెలలు ఎదురుచూసిన మాట విని నాకు వచ్చింది చెమట. ఇంక అడ్డం ఏమీ లేదు, వెనక దాక్కోవడానికి ఒక్క వీశె కండ కూడా మిగల్లేదు.

ఆయన గేటు పక్కన గోడ నీడలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి చొక్కా దులుపుకుంటూ, పోదామా, పన్నెండింటి రైలు దొరుకుతుంది అన్నాడు. ఆ గొంతులో తొందర విని నా లెక్కలో ఇంక సందేహం మిగల్లేదు. నూట యాభై ఎనిమిది అన్నాను. ఆయన చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది. అటెటో రోడ్డు వైపు చూస్తూ, మన తాసు దూలం ఏమన్నా ఒంగిందేమో అన్నాడు.

"దూలం కాదు, రాళ్ళు. పెట్టె తెరవకుండానే తూస్తివి మూడు నెల్లు" అన్నాను.

ఆయన మళ్ళీ కూర్చుండిపోయాడు. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు మమ్మల్ని చూస్తున్నారు, చూడనీ. నేల వైపు చూస్తూ మాట్లాడాడు. "పుల్లమ్మక్క గూడా నడుచుకుంటానే పోయింది లోపలికి. వచ్చినాక అంబలి తాగుతాలే, కాచి పెట్టించు అనె. నాకు బయమే. నాకు శానా బయంగా ఉండాది."

పాతికేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను విననే లేదు. జాలిపడాల్సిందే. పడ్డాను కూడా. కానీ అనాల్సింది అనకుండా లోపలికి పోతే ఆ బల్ల మీద నాకు ఊపిరి ఆడదు.

"ఆ మాట ఆ పొద్దే చెప్పింటే అయిపోయేది గదా. నేను తిండికి సిగ్గిడిసినదాన్నని, నేను మనిషినే కాదని మూడు నెల్లు నన్ను నేను తిట్టుకుంటి. పలక దిగి నేనేడుస్తాంటే నువ్వు పక్కన్నే ఉంటివి. చూస్తానే ఉంటివి."

ఆయన ముఖం ఎత్తాడు. కళ్ళు నిండి ఉన్నాయి. తుడుచుకోలేదు. చూసినా అన్నాడు, అంతే అన్నాడు. నేను కాగితం ఆయన ముందు పెట్టాను. గేటు దగ్గర బల్లేసుకుని కూర్చున్న గుమాస్తాను అడిగి కలం తెచ్చిచ్చాను. కలం పట్టుకుని, నువ్వు రాకపోతే అని అడిగాడు, చిన్నపిల్లవాడు అడిగినట్టే అడిగాడు.

"వస్తానో రానో నాకేం తెలుసు. నాకూ బయమే. బయపడుకుంటానే పోతా. పెట్టు."

మోకాలి మీద కాగితం పరిచి సంతకం పెట్టాడు. రోజుకు వందసార్లు పెట్టే సంతకం, వంకర పోయింది. పెట్టాక కూడా కాగితం వదల్లేదు, ఒక కొస ఆయన చేతిలో, ఒక కొస నా చేతిలో. ఈ మిషను తప్పు చూపిస్తుందేమో, ఇంకొక్కసారి తూచమందామా అన్నాడు మెల్లగా. మూడుసార్లు ఎక్కి దిగినా అన్నాను. కాగితం ఆయన వేళ్ళలోంచి లాక్కుని లోపలికి నడిచాను. ఇది ఆడవాళ్ళ వైపు, నువ్వు రాకూడదయ్యా అని ఎవరో ఆయన్ని అడ్డగిస్తున్నారు. ఆయన చెప్పులు చేతబట్టుకుని నా వెనకే వస్తున్నాడు.